ఎనిమిదీ నలభై నుంచి తొమ్మిదిన్నర దాకా

బడి ఆఫీసు గది,
జూన్ 19

తమ్ముడికి,

నువ్వూ, మరదలూ, పాపా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఈ సంగతి ఫోన్లోనే చెప్పొచ్చు. కానీ ఫోన్లో నువ్వు అన్నిటికీ ఊఁ అంటావు. కాగితం మీదైతే జవాబు రాయాలి. అందుకని రాస్తున్నాను.

బడి తెరిచి వారమైంది. మా వెనక గోడ అవతల ఇనప తుక్కు కరిగించే కార్ఖానా ఉంది కదా, పోయినసారి వచ్చినప్పుడు చూశావు. దానికి రెండు చిమ్నీలు. పొడుగుదాంట్లోంచి వచ్చేది కంటికి కనపడదు. పొట్టిదాంట్లోంచి నల్ల పొగ వస్తోంది. పోయినేడు వారానికి ఒకసారి వచ్చేది, ఇప్పుడు రోజూ. పిల్లలు ప్రార్థనకు వరసల్లో నిలబడే వేళకు మొదలవుతుంది. మళ్లీ మధ్యాహ్నం ఆటల పీరియడ్‌లో. పైకి పోదు. గోడ దాటి మా ఆవరణలోకి దిగుతుంది.

బళ్లో అరవై నాలుగు మంది పిల్లలు. పదకొండు మంది సంచుల్లో ఇన్‌హేలర్లు ఉన్నాయి. పోయినేడు నాలుగే. మూడో తరగతిలో దర్జీ ఆవిడ కూతురు మొన్న ప్రార్థన మధ్యలో కూర్చుండిపోయింది. నేను ఎత్తుకుని లోపలికి తీసుకెళ్తుంటే, "టీచర్, నేను అల్లరి చెయ్యలేదు" అంది.

కార్ఖానా గేటు దగ్గర గాజు పెట్టెలో వాళ్ల అనుమతి పత్రం వేలాడదీశారు. అది ఈ డిసెంబరుతో ముగుస్తుంది. కొత్తది ఇచ్చేది నువ్వు పనిచేసే గాలి కాలుష్యం ఆఫీసే. ఫిర్యాదు మూడు పేజీలు రాసి పెట్టుకున్నాను, తల్లిదండ్రులు ముప్పై మంది సంతకాలు చేశారు. ఎవరి పేరున పంపాలో చెప్పు.

నీ అక్క

---

ఇల్లు,
జూన్ 27

అక్కకి నమస్కారాలు.

ఉత్తరం అందింది. ఆ ఫిర్యాదు ఆఫీసుకు పంపొద్దు. ఎందుకో చెప్తాను. ఇన్వర్డు రిజిస్టరులో పడిన ప్రతి కాగితం నకలూ వారంలోగా కార్ఖానాకు వెళ్తుంది, వివరణ ఇమ్మని. వాళ్లు ఓ నెల శుభ్రంగా నడిపి, "ఎక్కడండీ పొగ?" అంటారు. ఫైలు మూసేస్తారు. నేను పదహారేళ్లుగా చూస్తున్నది ఇదే.

పొట్టి చిమ్నీ సంగతి ఇది. కొలిమిలోంచి వచ్చే ధూళిని పెద్ద గుడ్డ సంచుల్లోంచి పంపి వడకడతారు. చల్లారిన కొలిమిని మళ్లీ అంటించినప్పుడు తడి పొగ వస్తుంది, అది సంచుల్ని పాడు చేస్తుంది. అందుకని గొట్టానికున్న పక్క గేటు తెరిచి ఆ పొగను వడకట్టకుండా పొట్టి చిమ్నీలోకి వదిలేస్తారు. ఇప్పుడున్న అనుమతి ప్రకారం వారానికి ఒకసారి, ఇరవై నిమిషాలు మాత్రమే వదలాలి. రోజూ వదులుతున్నారంటే తప్పే. సంచుల్ని ముందుగా వేడి చేసే బర్నరు పెట్టుకుంటే ఆ గేటు అవసరమే ఉండదు. దానికి సీలు వేయించొచ్చు.

నువ్వు చెయ్యాల్సింది ఒకటే. రోజూ రాసి పెట్టు. తేదీ, మొదలైన నిమిషం, ఆగిన నిమిషం, గాలి ఎటు. అంతే. "భయంకరమైన పొగ" లాంటి మాటలు వద్దు, వాటికి మా దగ్గర విలువ లేదు. నెలకోసారి మా ఇంటి అడ్రసుకు పంపు. ఎక్కడ పెట్టాలో అక్కడ నేను పెడతాను.

ఆ ఫైలు నా దగ్గర లేదు. పక్క సీటాయన చూస్తున్నాడు, మనకు కావలసినవాడే. కొత్త అనుమతికి ముసాయిదా తయారయ్యాక పేపర్లో ప్రకటన వేస్తారు. ఆ రోజు నుంచి అభ్యంతరాలకు ముప్పై రోజులు. అది వేసిన రోజే నీకు చెప్తాను. అప్పుడు మీ ముప్పై సంతకాలూ పంపుదువు గానీ.

పాప నిన్ను అడిగిందని చెప్పమంది.

నీ తమ్ముడు

---

బడి,
ఆగస్టు 3

తమ్ముడికి,

ముప్పై ఒక్క పనిదినాల లెక్క జతచేశాను. గాలి ఎటు వీస్తోందో తెలియడానికి జెండా కర్రకు పాత చేతిరుమాలు కట్టాం. ఐదో తరగతి వాళ్లకు అది చూసి దిక్కు చెప్పడం పాఠమైపోయింది. సైన్సులో మార్కులు వేయమంటున్నారు.

ఒక పేజీ ఇక్కడే రాస్తాను, చూడు.

జూలై 8. 8:41 నుంచి 9:28. గాలి మా వైపు.
జూలై 9. 8:40 నుంచి 9:30. మా వైపు. మధ్యాహ్నం 2:00 నుంచి 2:38.
జూలై 10. 8:43 నుంచి 9:30. అటు. మధ్యాహ్నం 2:02 నుంచి 2:40.

మిగతా రోజులూ ఇంచుమించు ఇంతే. మా ఆయా ఆ చిమ్నీకి "పెద్దాయన" అని పేరు పెట్టింది. గేటు దగ్గర నుంచే కేకేస్తుంది. "టీచరమ్మా, పెద్దాయన చుట్ట ముట్టించాడు, టైం రాసుకోండి." నేను రాసుకుంటాను. పిల్లలు ముక్కులకు చున్నీలు అడ్డం పెట్టుకుని ప్రార్థన చేస్తారు. ఏం పాడుతున్నారో వాళ్లకే తెలియదు.

శనివారం తల్లిదండ్రుల సమావేశం జరిగింది. వెళ్లి కార్ఖానా గేటు దగ్గర కూర్చుందాం అన్నారు. వాళ్లలో పెయింటరు ఒకాయన గట్టిగా పట్టుబట్టాడు. దర్జీ ఆవిడైతే ఇంటి నుంచి తాళం కూడా తెచ్చింది, వాళ్ల గేటుకు మనమే వేద్దామని. నేనే ఆపాను. మా తమ్ముడు ఆ ఆఫీసులోనే ఇంజనీరు, పద్ధతి ప్రకారం ఎలా వెళ్లాలో చెప్తున్నాడు, కొంచెం ఓపిక పట్టండి అన్నాను. "మీ తమ్ముడుగారు ఉన్నారంటే సరేనండీ" అన్నాడు పెయింటరు. ముప్పై సంతకాల ఫిర్యాదు బీరువాలోనే ఉంది.

నీ మాట మీద ఆపాను. అది గుర్తుంచుకో.

నీ అక్క

---

ఇల్లు,
ఆగస్టు 12

అక్కకి,

నీ లెక్క చూశాను. మా ఇన్‌స్పెక్టర్లు కూడా ఇంత శుభ్రంగా రాయరు. ఇదే పద్ధతిలో రాస్తూ ఉండు.

ఒక్క సంగతి. ఈ రెండు వేళల్లో కాకుండా ఇంకెప్పుడైనా వస్తోందా? బడి వదిలాక? ఆదివారాలు? ఉంటే తప్పకుండా రాయి. లేకపోతే "ఇతర వేళల్లో కనపడలేదు" అని పేజీ కింద ఒక వాక్యం రాయి. లెక్క పూర్తిగా ఉండాలి, అందుకే అడుగుతున్నాను.

ఇంకోటి, ఊరికే అడుగుతున్నా. మీ ప్రార్థన తొమ్మిదిన్నర తర్వాత పెట్టుకోవడానికి వీలవుతుందా?

సమావేశంలో నా పేరు చెప్పకుండా ఉండాల్సింది. పోనీలే. ఇకమీదట చెప్పకు.

నీ తమ్ముడు

---

బడి,
అక్టోబరు 5

తమ్ముడికి,

మొత్తం డెబ్బై నాలుగు రోజుల లెక్క. నువ్వు అడిగినట్టే ప్రతి పేజీ కిందా "ఇతర వేళల్లో కనపడలేదు" అని రాశాను. ఆదివారాలు నేనే వచ్చి కూర్చున్నాను, కొలిమి ఆ రోజు నడవదు. ప్రార్థన వేళ మార్చలేను. ఒకటో తరగతి పిల్లల్ని తల్లులు ఎనిమిదిన్నరకు దింపి పనులకు వెళ్తారు. పైగా వేళ మారిస్తే ఆ యాభై నిమిషాలూ పిల్లలు గదుల్లో కూర్చుని అదే గాలి పీలుస్తారు. మా కిటికీలకు రెక్కలు సరిగ్గా పడవు.

సెప్టెంబరు 23న మీ ఆఫీసు నుంచి తెల్ల కారు వచ్చింది. ముందురోజు సాయంత్రమే కార్ఖానా వాళ్లు గేటు ముందు నీళ్లు చల్లి ఊడ్చారు. మర్నాడు పొట్టి చిమ్నీలోంచి ఒక్క నిమిషం కూడా పొగ రాలేదు. "పెద్దాయనకు ఇవాళ ఉపవాసం" అంది మా ఆయా. కారులో వచ్చినాయన గోడ మీంచి మా వైపు చూసి, చెయ్యి ఊపాడు కూడా. ఇరవై నాలుగున మళ్లీ 8:40కి మొదలు.

ఈ తనిఖీ సంగతి వాళ్లకు ముందే ఎలా తెలిసింది? మీ పక్క సీటాయన్ని అడిగి చెప్పు.

కొత్త అనుమతి తయారవుతోందని కార్ఖానా వాచ్‌మన్ మా ఆయాతో అన్నాడట. ప్రకటన ఎప్పుడు? దర్జీ ఆవిడ కూతురు పోయిన నెలలో ఆరు రోజులు రాలేదు. వాళ్లమ్మ రోజూ వచ్చి, "ఏమన్నా తెలిసిందా టీచరమ్మా" అని అడుగుతోంది. ఇంకా లేదని పంపేస్తున్నాను.

నీ అక్క

---

ఆఫీసు,
అక్టోబరు 24

అక్కకి,

జవాబు ఆలస్యమైంది, ఏమనుకోకు. పాపకు పరీక్షలు, ఆఫీసులో చేతినిండా పని. ముసాయిదా ఇంకా పైవాళ్ల దగ్గరే ఉంది. అయ్యాక చెప్తాను. కంగారు పడొద్దు, తల్లిదండ్రుల్నీ పడనివ్వొద్దు.

తనిఖీ సంగతి నాకు తెలియదు.

ఇక లెక్క పంపనక్కర్లేదు. ఉన్నది సరిపోతుంది.

నీ తమ్ముడు

---

బడి,
డిసెంబరు 12

తమ్ముడూ,

నిన్న కార్ఖానా గేటు దగ్గర గాజు పెట్టెలో పాత కాగితం తీసి కొత్తది పెట్టారు. ఐదేళ్లకు ఇచ్చారు. పెయింటరు ఫోన్‌తో ఫోటోలు తీసి తెచ్చాడు. నలభై మూడు పేజీలు. రాత్రంతా కాదు గానీ సాయంత్రం ఏడు దాకా బళ్లోనే కూర్చుని చదివాను. చదివింది చదివినట్టు రాస్తాను.

పేజీ 17. "కొలిమి ప్రారంభ వేళలు: ఉదయం 8:40 నుంచి 9:30, మధ్యాహ్నం 2:00 నుంచి 2:40. ఈ వేళల్లో పక్క గేటు ద్వారా వదిలే పొగకు పరిమితులు వర్తించవు." వారానికి ఒకసారి, ఇరవై నిమిషాలు అనే పాత షరతు కొట్టేశారు. బర్నరు మాట లేదు. సీలు మాట లేదు.

పేజీ 29. "అందిన ఫిర్యాదులు: లేవు."

పేజీ 41. "స్థానికులతో సంప్రదింపులు: పక్కనే ఉన్న ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు డెబ్బై నాలుగు రోజులు స్వయంగా పరిశీలించి ఇచ్చిన వేళల ఆధారంగా ప్రారంభ వేళలు నిర్ణయించబడ్డాయి. ఇతర వేళల్లో పొగ కనపడలేదని ఆమె ధ్రువీకరించారు."

పేజీ 43. ముసాయిదా తయారు చేసింది, సంతకం చేసింది: నువ్వు. పక్క సీటాయన కాదు.

అదే పేజీలో ఇంకోటి. ముసాయిదా ప్రకటన అక్టోబరు 9న వచ్చింది. నవంబరు 8తో గడువు అయిపోయింది. ప్రకటన వేసిన పేపరు మా వీధిలో ఒక్క ఇంటికీ రాదు. ముసాయిదా ఇంకా పైవాళ్ల దగ్గరే ఉందని నువ్వు నాకు రాసిన ఉత్తరం మీద తేదీ అక్టోబరు 24. ఆఫీసు కాగితం మీదే రాశావు.

నేను తప్పని రాసిన ప్రతి నిమిషాన్నీ నువ్వు ఒప్పు చేశావు. నిమిషం అటూ ఇటూ కాకుండా చేశావు.

పొద్దున తల్లిదండ్రులు వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు. దర్జీ ఆవిడ నలభై ఒకటో పేజీ ఫోటో నా బల్ల మీద పెట్టి, "ఇది మీరేగా టీచరమ్మా" అంది. నేనే అన్నాను. "సంతకం మీ తమ్ముడిగారిదేగా" అంది. అవునన్నాను. "మరి మమ్మల్ని ఆపడం దేనికి? అక్కా తమ్ముడూ ఇంట్లోనే కూర్చుని రాసుకున్నారు, మాకు ముందే చెప్తే మా పనులు మేం చూసుకునేవాళ్లం కదా." గట్టిగా అనలేదు. బట్టకు కొలత చెప్పినట్టు చెప్పింది. పెయింటరు ఆవిడను ఊరుకోమనలేదు.

ఎందుకు చేశావని నేను అడగను. ఒకటి కావాలి. అప్పీలుకు జనవరి 10 దాకా గడువుంది. నన్ను ఎవరూ సంప్రదించలేదనీ, నేను పంపినవి ఫిర్యాదులనీ, వాటిని ఇంటికి పంపమన్నది నువ్వేననీ ఒక కాగితం మీద రాసి సంతకం చేసి పంపు.

అక్క

---

ఇల్లు,
డిసెంబరు 17

అక్కా,

నీ కోపం నాకు తెలుసు. కానీ నువ్వు ఒక వైపే చూశావు. మొత్తం విన్నాక మాట్లాడు.

ఫైలు మొదట్లో నా దగ్గర లేదు, అది నిజం. ఆగస్టు మొదటి వారంలో నాకిచ్చారు. నీతో చెబితే నీ లెక్క తీసుకోవడం తప్పవుతుంది, తీసుకోకపోతే ఫైల్లో ఏమీ లేదు. అందుకని చెప్పలేదు. కార్ఖానా ఏం అడిగిందో తెలుసా? రోజుకు ఆరు గంటలు, ఎప్పుడైనా, ఏ వేళైనా. ఈ నెలాఖరుకు ఫైలు తెమిలిపోవాలని మా పైఆయన పట్టుబట్టాడు. "ఆరు గంటలు ఇవ్వనంటే కారణం రాయి" అన్నాడు. కారణం రాయడానికి నా దగ్గర ఉన్నది నీ లెక్క ఒక్కటే. ఆరు గంటల్ని గంటన్నరకు తెచ్చాను. నేను లేకపోతే మీ పిల్లలకు రోజంతా పొగే. ఈ మాట నువ్వు వాళ్లతో చెప్పొచ్చు.

సంప్రదింపుల గడి ఖాళీగా ఉంటే ఫైలు వెనక్కి వస్తుంది. ఏదో ఒకటి రాయాలి, అందరూ రాస్తారు. నీ పేరు రాయలేదు, హోదా రాశాను.

ప్రకటన సంగతి చెప్పి ఉంటే మీ ముప్పై మంది వచ్చేవాళ్లు, విచారణ పెట్టాల్సి వచ్చేది, ఆ విచారణలో నువ్వు నాకు అక్కవని తేలేది. అప్పుడు ఫైలు ఇంకొకరికి వెళ్లేది. ఆ ఇంకొకరు ఆరు గంటలూ ఇచ్చేవాళ్లు. ఆలోచించి చూడు.

నువ్వు అడిగిన కాగితం రాస్తే ఫైలు కన్నా ముందు పోయేది నేను. సొంత అక్క పంపిన కాగితాలతో ముసాయిదా రాశానని నా అంతట నేను ఒప్పుకున్నట్టు. ఉద్యోగం ఉండదు. పాప వచ్చే ఏడు కాలేజీకి వెళ్తుంది.

ఆ గంటన్నరసేపు కిటికీలకు మందపాటి ప్లాస్టిక్ కడితే చాలావరకు ఆగుతుంది. ఆటల పీరియడ్ మూడుకు మార్చుకో. అప్పీలు వద్దు. రెండేళ్లాగితే మా పైఆయన రిటైరవుతాడు, అప్పుడు నేనే ఆ ఫైలు మళ్లీ తెరిపిస్తాను. మాటిస్తున్నాను.

నీ తమ్ముడు

---

బడి,
డిసెంబరు 22

తమ్ముడూ,

నువ్వు చెప్పమన్న మాట తల్లిదండ్రులకు చెప్పాను. ఆరు గంటలు కావాల్సింది గంటన్నర అయిందని. పెయింటరు అడిగాడు, "మరి పాత కాగితం ప్రకారం ఆరు గంటలు వదిలితే తప్పు కదండీ, తప్పయితే కేసు పెట్టొచ్చు కదా. ఇప్పుడు గంటన్నర వదిలినా కేసు లేదు కదా?" పెయింటరు ఎనిమిదో తరగతి దాకా చదివాడు. నీకు జవాబు తెలిస్తే రాయి, చదివి వినిపిస్తాను.

ఆరు గంటలని కార్ఖానా అడిగిన కాగితం కోసం ఆయా కొడుకుతో ఫైలు నకలు తెప్పించాను. ఇప్పుడు అది అందరూ అడిగి తీసుకోవచ్చట. కార్ఖానా దరఖాస్తు ఆగస్టు 5 నాటిది. అందులో అడిగింది రోజుకు రెండు గంటలు. ఆరు కాదు. పక్క మార్జిన్‌లో పెన్సిలుతో నీ చేతిరాత: "వేళలు కచ్చితంగా తెలుసుకోవాలి." సరిగ్గా వారానికి, ఆగస్టు 12న నువ్వు నాకు రాశావు, ఇంకెప్పుడైనా వస్తోందా అని.

అదీ కాక, ఆ రెండు గంటల దరఖాస్తుకు మీ పైఆయన రాసిన మాట కూడా ఉంది. "బర్నరు షరతు పరిశీలించండి." దాని కింద నీ జవాబు: "అవసరం లేదు. ప్రారంభ వేళలు స్థిరంగా ఉన్నాయి. స్థానికుల నుంచి అభ్యంతరం లేదు."

మీ పైఆయన ఒక మాట అన్నాడు, అది మా పక్షాన అన్నాడు. వద్దన్నది నువ్వు.

ఎందుకో నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకోవడానికి మూడు రోజులు ప్రయత్నించాను. కార్ఖానా నీకేమన్నా ఇచ్చిందేమోనని కూడా ఆలోచించాను, నీ విషయంలో అలా ఆలోచించినందుకు సిగ్గుపడ్డాను. ఇచ్చి ఉంటే కనీసం కారణం దొరికేది. నాకనిపించేది ఇది. నీకు ఫైలు తెమిలిపోవాలి. బర్నరు అంటే ఏడాది ఉత్తరాలు, తనిఖీలు, కోర్టు. నా లెక్క ఉంటే ఒక్క సంతకం. తేలిగ్గా ఉన్న దారిలో వెళ్లావు, ఆ దారి నా మీదుగా పోతుందని తెలిసి కూడా.

బడి నుంచి ఏడుగురిని తీసుకెళ్లిపోయారు. యాభై ఏడు మంది ఉన్నారు. దర్జీ ఆవిడ కూతుర్ని తీసుకెళ్లలేదు. వేరే బడి మూడు కిలోమీటర్లు, ఆ పిల్ల నడవలేదు.

సంతకంతో ఆ కాగితం జనవరి 5లోగా అందాలి.

అక్క

---

ఇల్లు,
జనవరి 3

అక్కా,

నువ్వడిగిన కాగితం జతచేశాను. నువ్వు చెప్పిన మూడు సంగతులూ అందులో ఉన్నాయి. టైపు చేయించాను.

సంతకం మాత్రం అడక్కు. సంతకం లేకపోయినా విషయం విషయమే కదా. నువ్వు అప్పీలుకు జతచేస్తే వాళ్లే అర్థం చేసుకుంటారు. ఎవరు రాశారని అడిగితే పోస్టులో వచ్చిందని చెప్పు.

పెయింటరుకు నేను జవాబు చెప్పలేను. పెన్సిలు రాతల గురించి కూడా. ఆ రోజు నా బల్ల మీద ముప్పై ఎనిమిది ఫైళ్లున్నాయి. నువ్వు నమ్మినా నమ్మకపోయినా, మీ బడి అందులో ఒకటి అనే అనుకున్నాను, అక్క బడి అనుకోలేదు.

జూన్ నుంచి నేను రాసిన ఉత్తరాలు నీ దగ్గర ఉన్నాయి. అవి నాకు పంపెయ్యి. లేదా నువ్వే చింపెయ్యి. అవి అక్కకి రాసుకున్నవి. బయటివాళ్లు చదవాల్సినవి కావు. ఇది ఒక్కటి నా కోసం చెయ్యి. నీ మరదలికి ఈ సంగతులేవీ తెలియవు.

నీ తమ్ముడు

---

బడి,
జనవరి 9

తమ్ముడూ,

నువ్వు పంపిన టైపు కాగితం నిన్న అప్పీలు బోర్డు గుమాస్తాకు చూపించాను. అటూ ఇటూ తిప్పాడు. "ఎవరమ్మా ఇది?" అన్నాడు. పోస్టులో వచ్చిందని చెప్పలేకపోయాను. "సంతకం లేనిది మేం తీసుకోం, ఇంటికి పట్టుకెళ్లండి, పిల్లలకు పడవలు చేసివ్వండి" అన్నాడు. దర్జీ ఆవిడ నా పక్కనే ఉంది. నవ్వలేదు.

అప్పుడు నీ ఉత్తరాలు సంచిలోంచి తీశాను. జూన్ 27, ఆగస్టు 12, అక్టోబరు 24, డిసెంబరు 17, జనవరి 3. ఐదూ ఇచ్చాను. ఇంటికి తెచ్చుకోవడానికి ఒక్కటీ ఉంచుకోలేదు. గుమాస్తా అక్టోబరు 24ది మొదట చదివాడు, ఆఫీసు కాగితం చూసి. తర్వాత జూన్‌ది. చదువుతూ చదువుతూ నా కోసం కుర్చీ తెప్పించాడు.

"ఇన్ని ఉత్తరాలు రాసిన మనిషి మీకు ఏమవుతాడు?" అన్నాడు. ప్రమాణ పత్రంలో ఒక గడి ఉంది, సంబంధం అని. అందులో రాయాలి. రాసే ముందు, "ఆలోచించుకోండి, రాశాక ఆయన మీద విచారణ తప్పదు, ఇది వెనక్కి తీసుకోడానికి వీలుండదు" అని చెప్పాడు. మంచి మనిషిలా ఉన్నాడు.

నేను ఆలోచించుకోవడానికి పది నిమిషాలు తీసుకున్నాను. పాప కాలేజీ గురించి ఆలోచించాను. మరదలి గురించి ఆలోచించాను. నీకు చెప్పకుండా ఉండలేను కాబట్టి చెప్తున్నాను, దర్జీ ఆవిడ ఆ పది నిమిషాలూ నా పక్కనే కూర్చుంది. చివరికి, "మీ వల్ల కాకపోతే వెళ్దాం పదండి టీచరమ్మా, మీ ఇంటి మనిషి" అంది. ఆవిడ అలా అనకపోయి ఉంటే రాయగలిగేదాన్నో లేదో తెలియదు.

గడిలో తమ్ముడు అని రాశాను.

అప్పీలు నంబరు ఇచ్చారు. తీర్పు వచ్చేదాకా పక్క గేటు తెరవకూడదని సాయంత్రానికే ఉత్తర్వు ఇచ్చారు. ఇవాళ పొద్దున ప్రార్థన 8:40కే మొదలుపెట్టాం. పొగ రాలేదు. రేపటి సంగతి రేపు రాసుకుంటాను, అది నీకు పంపను.

విచారణ ఈ నెల 27న, పదకొండు గంటలకు, బోర్డు ఆఫీసు రెండో అంతస్తులో. నీకూ నోటీసు వస్తుంది. మా ఊరి బస్సు దిగగానే ఎదురుగా అదే భవనం, నేరుగా అక్కడికే వెళ్లు. ఇంటికి రావద్దు.

అక్క